దొరవేషం గంధం

మే 6, మంగళవారం

పొద్దున్నే వడమాలపేట పోయి వచ్చాను. ఈ రాత్రి చాటింపు. అది పడ్డాక గంగమ్మ జాతర ముగిసేదాకా మా ఇంట్లో ఎవరమూ ఊరి పొలిమేర దాటం. వేసవి సరుకుకు కావలసిన నూనెలు ఈ రోజే తెచ్చుకోవాలి.

నూనెలు తీసే ఏకాంబరం బట్టీలో ఆవిరి కుండకు చిల్లి పడింది. కోసిన దవనం కుప్పగా పడి వాడిపోతోంది. కాచే దారి లేదు. "నిమ్మ కూడా ఆవిరి పట్టలేదక్కా. ఇది తొక్క పిండి తీసిన నూనె" అని చిన్న సీసా చేతిలో పెట్టాడు. మూత తీస్తే పచ్చి నిమ్మతొక్కను గోటితో గిచ్చినట్టే ఉంది. ఆవిరి నూనెలో ఈ ప్రాణం ఉండదు. పదమూడేళ్ళుగా సబ్బులు, ముఖతైలం చేస్తున్నాను, ఇంత మంచి వాసన నా చేతికి రాలేదు. అతను ఇంకా ఏదో చెబుతుండగా బస్సు వచ్చింది.

శనివారం జాతరలో తమ్ముడు గుణశేఖర్ ఒళ్ళంతా గంధం పూసుకుని దొరవేషం కడతాడు. పోయిన ఏడు కూతురు మోనిక జ్వరంతో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, బిడ్డ లేస్తే మూడేళ్ళు వేషం కడతానని గంగమ్మకు మొక్కుకున్నాడు. ఇది మొదటి ఏడు. ఒంటికి పూసే గంధం నేను కలుపుతానన్నాను.

తల్లీ, చల్లగా దాటించు.

మే 8

పద్దెనిమిది సీసాలు అయ్యాయి. కొబ్బరినూనె, కొంచెం వట్టివేరు నూనె, కొత్త నిమ్మనూనె. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి రేణిగుంట లోకేశ్వరి వచ్చింది. మొదటి సీసా తనదే. అక్కడే ముంజేతికి రాసుకుని చూసింది. "ఇన్నాళ్ళూ నీ తైలం పూసుకుంటే మా అవ్వ పక్కన కూసున్నట్టుండేదక్కా. ఇప్పుడు బాగుండాది" అంది.

మిగతావి వీధిలో వాళ్ళు, గుడి దగ్గర తెలిసినవాళ్ళు తీసుకుపోయారు. సంతోషమే.

మే 10, శనివారం

గంధం పొడి కొంత, సాన మీద తీసింది కొంత, పన్నీటితో పెద్ద గిన్నె నిండా కలిపాను. అందులో నిమ్మనూనె నాలుగు చుక్కలు వేశాను. ఎండ మండుతోంది, చలవ చేస్తుంది. పైగా అమ్మకు ఇష్టమైన కాయ.

గుణ పంచె ఎగగట్టి పీట మీద కూర్చున్నాడు. ముఖానికి, ఛాతీకి మరదలు కోమలి పూసింది. వీపుకు నేను.

"దొర మాదిరి ఉండానా అక్కా?"

"దొరలకు ఇంత బొజ్జ ఉండదు" అంది కోమలి.

"నిన్నా మొన్నా వేషం కట్టింటే తెలిసేది నీకు. గంగమ్మనే నోటికొచ్చినట్టు తిట్టొచ్చు ఆ రెండు పొద్దులూ. నువ్వెంత?"

"మరి కట్టకపోతివా?"

"అక్క ముందర తిట్టేదానికి నాకు నోరు యాడొస్తాది? అందుకే గదా దొరవేషం మొక్కుకున్నది."

నవ్వాను. మా ఇంట్లో నేను గట్టిగా నవ్వి చాలా కాలమైందని మోనిక చెప్పింది.

మెడలో నిమ్మకాయల దండ, నడుముకు వేపమండలు. కాళ్ళకు చెప్పులు ఉండకూడదు. తొమ్మిదికి గడప దాటాడు. సాయంత్రం ఐదుకు వచ్చాడు. ఒంటి మీద గంధం ఎండి పొలుసులు కట్టింది. స్నానం చేసి అన్నం కూడా తినకుండా పడుకున్నాడు. మిగిలిన గంధం గిన్నెను కోమలి దేవుడి దగ్గర పెట్టింది.

మే 11

గుణకు ఒళ్ళు మంట. భుజాలు ఎర్రగా కందాయి. ఎండదెబ్బ. మజ్జిగ ఇచ్చాను. వేషం కట్టినవాళ్ళు ఎంతమంది తిరగలేదు. అందరికీ ఒకటే ఎండ.

మే 11, సాయంత్రం

ఎండదెబ్బే.

మే 12, సోమవారం

బొబ్బలు లేచాయి. ముఖం, భుజాలు, వీపు. ఎడమ కంటి రెప్ప వాచి మూసుకుపోయింది.

కోమలి చూసి ఒక అడుగు వెనక్కి వేసి చేతులు జోడించింది. "వదినా, అమ్మొచ్చింది వదినా."



గంటలో వాకిట వేపమండ కట్టింది. పొయ్యి మీద తాలింపు ఆపేసింది. వాడి చాప మీద వేపాకు పరిచింది. డాక్టరుకు చూపిద్దామా అని ఒకసారి అన్నాను. "అమ్మ ఒంటి మింద ఉండంగా సూది ఏపిస్తారా ఎవురైనా? కన్ను తీస్తాది. నువ్వు ఇంత పూజలు చేస్తావు, నేను చెప్పాల్నా నీకు?" అంది. రెండోసారి అనలేదు.

దేవుడి దగ్గరున్న గిన్నె తెచ్చి ఆ గంధమే ముఖానికి మళ్ళీ పూసింది, చల్లగా ఉంటుందని. కనురెప్ప మీద కూడా. వాడు పళ్ళు బిగపట్టాడు. నేను స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాను. వాడి చాప పరిచిన వసారాలోకి పదింటికల్లా ఎండ వస్తుంది. "ఇక్కడ ఎండ పడుతుంది, లోపలికి జరుపుదాం" అన్నాను. జరిపాం. అది చేశాను.

పక్కింటి భారతమ్మ వచ్చి వాడి పాదాల మీద పసుపునీళ్ళు పోసి మొక్కింది. "వేషం కట్టిన మూడో పొద్దుకే వచ్చిందే తల్లి! మా ఆయన పదేండ్లు కట్టినాడు, ఒక్క పొక్కు లేవలేదు. పెట్టిపుట్టినాడు మీవాడు" అంది.

వీపు చూశాను. రాయను.

సాయంత్రం వాడి దగ్గర కూర్చుని విసురుతున్నాను. కోమలి నీళ్ళకు పోయింది.

"అక్కా, తలుపు దగ్గరికెయ్యి."

వేశాను.

"నేను తప్పు చేసినాను. అందుకే ఇట్లయింది."

"ఏం తప్పు?"

"ఆ పొద్దు రోడ్డు పెనం మాదిరి ఉన్నింది. టీ అంగడి కాడ ఎవురివో చెప్పులు విడిచి ఉంటే తొడుక్కున్నాను. ఎక్కువ దూరం గాదు, నీళ్ళ ట్యాంకరు దాకా. మళ్ళా ఆడనే విడిచినాను. ఎవురూ సూడలేదనుకున్నాను."

ఒక కంట్లోంచే నీళ్ళు వస్తున్నాయి. రెండోది మూసుకుని ఉంది.

"నా మింద తీర్చుకుంటే సరే. మోనికా మిందికి పోతే? బిడ్డ పోయినేడే పోయొచ్చింది గదా. నువ్వు అడుగక్కా అమ్మను. నీ మాట వింటాది. నువ్వు అబద్ధం ఆడే మనిషివి గాదు."

"అడుగుతాను" అన్నాను.

దీపం ముందు కూర్చుని అడిగాను. ఏమడిగానో అమ్మకు తెలుసు.

మే 13, మంగళవారం, తెల్లవారి

వీపు సంగతి రాస్తాను.

అమ్మ పోస్తే చుక్కలు చుక్కలుగా పోస్తుంది. చిన్నప్పుడు నాకూ పోసింది, నాకు తెలుసు. గుణ వీపు మీద చుక్కలు లేవు. చారలున్నాయి. నాలుగు నాలుగు చారలు పక్కపక్కనే, మెడ దగ్గర మొదలై నడుము దాకా. నేను వేళ్ళతో గంధం కిందికి లాగినట్టే. పంచె కట్టిన చోట ఒక్క బొబ్బ లేదు.

ఏకాంబరం చెప్పింది కూడా రాస్తాను. "ఇది సబ్బుకు వాడుకో అక్కా. కడిగేస్తాం గాబట్టి ఏమీ గాదు. ఒంటికి పూసుకొని ఎండలో పోతే మాత్రం కాలుస్తాది. ఆవిరి నూనెకు ఆ బాధ లేదు, దీనికుంది." బస్సు రాకముందే చెప్పాడు. స్పష్టంగా విన్నాను. వేసవిలో ఊరంతా నిమ్మకాయ నీళ్ళు తాగి బతుకుతోంది, నిమ్మకాయ ఎక్కడైనా కాలుస్తుందా, నిన్నగాక మొన్న బట్టీ పెట్టినవాడు నాకు చెబుతాడా అనుకున్నాను.

నాలుగు చుక్కలు కాదు. పది, పన్నెండు ఉండొచ్చు.

ఇంకొకటి ఉంది. శనివారం వాడు గడప దాటి ఎండలో అడుగు పెట్టగానే ఏకాంబరం మాట గుర్తొచ్చింది. గంధం తడిగా మెరుస్తోంది. వీధి మలుపు దాకా వాడి వీపు కనిపిస్తూనే ఉంది. కానీ వేషం కట్టి గడప దాటినవాణ్ణి వెనక్కి పిలవకూడదు. మొక్కు చెడుతుంది. అందుకని పిలవలేదు. లోపలికి వచ్చి దీపం ముందు కూర్చున్నాను.

ఈ రోజు చెబుతాను. కోమలి స్నానం చేసి రానీ.

మే 13, సాయంత్రం

పొద్దున ఎనిమిదికి లోకేశ్వరి ఫోను.

"అక్కా, నా మెడ మింద, బుగ్గ మింద నల్లంగా చారలు లేచినాయి. ఎవురో బొగ్గుతో గీసినట్టుండాది. ఫ్యాక్టరీలో అందరూ బొగ్గు పూసుకొని తోటివేషం కట్టినావా అని నవ్వతాండారు. నూనె ఏమన్నా మార్చినావా?"

"ఎండకాలం కదా, వేడి చేసి ఉంటుంది. రెండు రోజులు నూనె ఆపి చూడు" అన్నాను.

లోకేశ్వరి వేషం కట్టలేదు. ఎవరి చెప్పులూ తొడగలేదు.

అప్పటికి కోమలి స్నానం అయింది. నేను వంటింట్లోకి పోయి పప్పు కడిగాను. బియ్యం కడిగాను. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

తొమ్మిదికి వసారాలో మోనిక నవ్వు వినిపించింది. వచ్చి చూస్తే కోమలి మెట్టు మీద కూర్చుని ఉంది. ఒడిలో ఆ గిన్నె. బిడ్డ కొత్త పావడా కట్టుకుని ఎదురుగా నిలబడి ముఖం ముందుకు చాచింది. ఒక బుగ్గ నిండా గంధం.

"వాళ్ళ నాయన మింద ఉండే అమ్మ బిడ్డ జోలికి రాకుండా, వేషం గంధం పూసి గుడి కాడికి పిలుచుకొని పోతా వదినా. ఈ పొద్దే గదా జాతర. ఎంత లైనున్నా సరే, నిలబడి దండం పెట్టుకొని వస్తాం" అంది.

"సల్లగా ఉండాది అత్తా. నీకూ పూయనా?" అంది మోనిక.

వీధిలో ఎండ తెల్లగా కాస్తోంది.

గిన్నె లాక్కున్నాను. చెయ్యి జారి కింద పడింది. కోమలి నన్ను చూసిన చూపు, పిచ్చిదాన్ని చూసినట్టుంది.

"వేషం గంధం నేల పాలు చేస్తివే! ఏమయింది వదినా నీకు?"

"అమ్మ రాలేదు కోమలీ. అది నా నూనె."

బిడ్డను పంపు దగ్గరికి లాక్కుపోయి సబ్బుతో మూడుసార్లు కడిగాను. ఏడ్చింది. కడుగుతూనే చెప్పాను. తొక్కనూనె సంగతి, ఏకాంబరం మాట, వీపు మీద చారలు. గడప దగ్గర గుర్తొచ్చిన సంగతి చెప్పలేదు. చెప్పడానికి సమయం లేదు.

కోమలి అరవలేదు. అరుస్తుందనుకున్నాను.

"నిన్నట్నుంచి నాలుగు తూర్లు పూసినాను. నా చేత్తోనే. కంటి మింద కూడా పూసినాను. నువ్వు స్తంభం కాడ నిలబడి సూస్తాంటివి."

"అవును."

"నోట్లో ఏముండె వదినా అప్పుడు?"

గుణను ఆసుపత్రికి బయలుదేరదీశాం. తల మీద తడి తువ్వాలు, దాని మీద గొడుగు. జాతర జనంలో ఆటో మా వీధిలోకి రాదు. మెయిన్ రోడ్డు దాకా నడిపించుకుపోవాలి. వాకిట్లోనే భారతమ్మ చేతులు చాచి అడ్డం నిలబడింది.

"అమ్మ మిందుండంగా గడప దాటిస్తారా? మీకేమన్నా బుద్ధుండాదా?"

"అమ్మా లేదు, ఏమీ లేదు. నిమ్మకాయ నూనె. జరుగు పెద్దమ్మా" అంది కోమలి.

"నూనేంది?"

"మా వదిన చేసిన నూనె. దానికే నువ్వు పసుపునీళ్ళు పోసి మొక్కింది."

భారతమ్మ నా వైపు తిరిగింది. ఆమె దగ్గర కూడా ఒక సీసా ఉంది.

ఆసుపత్రిలో చర్మం డాక్టరమ్మ చిన్న వయసు. వీపు చూడగానే తెలుసుకుంది. ఎండా నూనే కలిసి కాల్చాయి అంది. కాలిన దాని మీద మళ్ళీ మళ్ళీ పూసినందుకు రెప్ప దగ్గర చీము పట్టిందట. "నిన్న తెచ్చి ఉంటే కంటి దాకా వచ్చేది కాదు. కన్ను డాక్టరు చూడాలి. ఇప్పుడే ఏమీ చెప్పలేం" అంది. నల్ల మచ్చలు నెలల తరబడి ఉంటాయట.

"గంధంలో ఎంత వేశారు?"

"పది చుక్కలు."

ఆమె రాయడం ఆపి నన్ను చూసింది. కోమలి కూడా చూసింది.

"చెంచా" అన్నాను. "పెద్ద చెంచా నిండా. రెండు."

మే 14

కన్ను తెరుచుకోలేదు. మందు వేసి కట్టు కట్టారు. గుణతో కోమలి ఉంది. నన్ను ఇంటికి పొమ్మంది, మోనిక ఒక్కతే ఉంటుందని. మోనిక బుగ్గ గంటకోసారి చూస్తున్నాను. ఎరుపు లేదు. ఉందేమో అనిపిస్తుంది. కిటికీలు మూసేశాను.

"నాయన కన్ను పోతాదా అత్తా?"

"పోదు."

నాకెలా తెలుసు.

మే 15

పోదు తల్లీ. పోదని చెప్పు.

మే 16, శుక్రవారం

పొద్దున కట్టు విప్పారు. డాక్టరు వేళ్ళు చూపిస్తే మూడు అన్నాడట. మూడే. చూపు ఉంది. వెలుతురు చూడలేకపోతున్నాడు, అది తగ్గుతుందన్నారు. ఫోనులో ఈ మాట చెప్పి కోమలి ఏడ్చింది. నా పేరు ఎత్తలేదు, వదినా అని కూడా అనలేదు.

సీసాలు వెనక్కి తేవడానికి బయలుదేరాను. నా వీధిలో నేను ఇంటింటికీ పోయి నా నూనె పూసుకోవద్దని చెప్పడం. కొందరు వెంటనే ఇచ్చారు. ఒకామె మూత తీసి నా ముందే కాలవలో పోసింది. ఇద్దరికి మెడ మీద మచ్చలు లేచాయి. గుడి దగ్గర పూలమ్మే ఆవిడ మాత్రం "ఇంత బాగుండే వాసన చెడ్డదెట్లయితాది, నేనివ్వను పో" అంది. ఎండలో అరగంట నిలబడి తీసుకున్నాను.

రేణిగుంటకు బస్సులో పోయాను. ఫ్యాక్టరీ గేటు బయట లోకేశ్వరి ముఖానికి చున్నీ చుట్టుకుని వచ్చింది. విప్పి చూపించింది. చెవి కింద నుంచి గొంతు దాకా నూనె కారిన దారి, నల్లగా.

"రెండు రోజులు ఆపు అంటివి. తెలిసే అన్నావా అక్కా?"

"తెలిసే అన్నాను."

"పొద్దు పొడవకముందే లేచి పూజ చేసే దానివి." సీసా నా సంచిలో తనే పెట్టింది, చెయ్యి తగలకుండా.

పదిహేడింటి లెక్క తేలింది. పద్దెనిమిదోది భారతమ్మది. అది ఆమె దగ్గర లేదు. నూనె కాలుస్తుందంటే నమ్మక, తన అక్క కూతురు శ్రీహరికోటకు పోతుంటే బుధవారం ఇచ్చి పంపిందట. ఆ పిల్లకు పాలు తాగే బిడ్డ. ఫోను ఎత్తడం లేదు. ఆరుసార్లు చేశాను. చంటిబిడ్డకు ఒళ్ళంతా నూనె రాసి పొద్దుటెండలో పడుకోబెడతారు మా వైపు. ఆ మాట రాయకూడదు అనుకుంటూనే రాశాను.

మే 17, పొద్దున

ఎత్తింది. మూత తీయలేదు. బిడ్డకు రాయలేదు. రెండుసార్లు చెప్పించుకున్నాను. పారబోస్తున్న చప్పుడు ఫోనులో విన్నాను.

ఫోను పెట్టి నేల మీద కూర్చున్నాను.

మే 18, ఆదివారం

గుణ ఇంటికి వచ్చాడు. నల్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా. ముఖం చారలు చారలుగా ఉంది. వాడు అద్దం అడిగాడు. కోమలి ఇవ్వలేదు. మోనిక తన బొమ్మల పెట్టెలోంచి చిన్న అద్దం తెచ్చి ఇచ్చింది. చూసుకుని "పులి మాదిరుండాను గదా" అన్నాడు. బిడ్డ నవ్వింది.

మధ్యాహ్నం వాళ్ళిద్దరూ పడుకున్నాక నన్ను పిలిచాడు.

"కోమలి అంతా చెప్పింది. నూనె సంగతి ఇడిసిపెట్టు. నా మంచికనే ఏసినావు. తెలీక ఏసినావు."

నేను విసనకర్ర అందుకున్నాను.

"చెప్పుల సంగతి నేను చెప్పుకొని ఏడిస్తినే, ఆ పొద్దుకే తెలుసునా నీకు?"

"తెలుసు."

"అమ్మ బిడ్డ మిందికొస్తాదని నేను వణికిపోతాంటే, తెలిసే ఇసురుతాంటివి."

"అవును."

"ఎప్పట్నుంచి తెలుసు?"

సోమవారం అనొచ్చు. వీపు చూసింది సోమవారమే. ఎవరూ కాదనలేరు.

"నువ్వు గడప దాటి ఎండలో కాలు పెట్టినప్పటి నుంచి" అన్నాను. "వేషం కట్టినవాణ్ణి పిలిస్తే మొక్కు చెడుతుందని పిలవలేదు."

అద్దాల వెనక కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలియలేదు. నాయన పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. అప్పటి నుంచి నాకు వాడి ముఖం చదవడం రాని రోజు లేదు.

"పిలిచింటే తిరిగొచ్చేవాణ్ణి గదక్కా. మొక్కుదేముంది, మళ్ళేడు కట్టుకుందును. నువ్వు పిలిస్తే రానా?"

గొంతులో కోపం లేదు. కోపం కోసం వెతికాను.

లేచి గదిలోకి వచ్చి ఇది రాస్తున్నాను. అమ్మకు భయపడి పిలవలేదని వారం నుంచి నాకు నేను చెప్పుకుంటున్నాను. వాణ్ణి పిలిచి ఉంటే ఎందుకు పిలిచావని అడిగేవాళ్ళు. కోమలి, భారతమ్మ, వీధంతా నిలబడి చూస్తున్నారు. అందరి ముందూ నా గంధం కడిగేసుకో, అది మంచిది కాదు అనాలి. ఆ మాట నోటికి రాలేదు. ఆ ఒక్క నిమిషంలో అమ్మ నాకు గుర్తే లేదు.

ఇది వాడికి చెప్పలేదు. వాడు అడగలేదు.